డక్స్‌ఫర్డ్ బెల్ఫాస్ట్ హ్యాంగర్లు: నిర్మాణం, లెక్క, మరమ్మతు

రేఖాగణితం
ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ దగ్గరి డక్స్‌ఫర్డ్‌లో మొదటి ప్రపంచయుద్ధం నాటి హ్యాంగర్ల (విమానాలు పెట్టే షెడ్ల) కప్పు గురించి ఒకేచోట సమాచారం చేరాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అడగాల్సినవి మూడు. ఒకటి, అంత వెడల్పు కప్పుని సన్నటి చెక్కబద్దలతో ఎలా నిలబెట్టారు? రెండు, ఇలాంటి కప్పు ఎక్కడ పాడవుతుంది, ఎందుకు? మూడు, కొలతలు తీసి డ్రాయింగు వేసేవాళ్లు ముందు ఏం చూడాలి? ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి, లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

పాతగోడలు
ముందు స్థలం సంగతి. డక్స్‌ఫర్డ్ 1917-18లో కట్టిన విమాన శిక్షణ కేంద్రం. ఏ505 రోడ్డు దాన్ని రెండుగా చీలుస్తుంది. రోడ్డుకి ఉత్తరాన మనుషులు ఉండే భాగం, దక్షిణాన విమానాల భాగం. హ్యాంగర్లన్నీ దక్షిణాన, గడ్డి మైదానం అంచున వరుసగా ఉంటాయి.

ఆ రోజుల్లో శిక్షణ కేంద్రాలకి ఒక అచ్చు ఉండేది. మూడు జంట హ్యాంగర్లు (పక్కపక్కన రెండేసి విల్లు కప్పులున్నవి) విమానాలు పెట్టుకోడానికి, ఒక ఒంటి హ్యాంగరు మరమ్మతులకి. డక్స్‌ఫర్డ్ కూడా ఆ అచ్చులో పోసిందే. ఈరోజు వెళితే మూడు జంటలే కనబడతాయి. ఒంటిది 1968లో ఒక యుద్ధ సినిమా చిత్రీకరణలో పేల్చేశారు, నిజం హ్యాంగరునే. మిగిలిన మూడింటికీ ఇప్పుడు గ్రేడ్ రెండు స్టార్ రక్షణ (చారిత్రక కట్టడాల జాబితాలో పైనుంచి రెండో మెట్టు) ఉంది. ఇంపీరియల్ వార్ మ్యూజియం వాటిని ప్రదర్శనకీ, ఎగిరే విమానాలు నిలబెట్టుకోడానికీ వాడుతోంది.

హ్యాంగర్ల నంబర్లు చూసి తికమక పడకండి. ఒకటో నంబరు పెద్ద కొత్త భవనం. అది మన పాత జంటల్లోది కాదు.

తడికపని
కప్పు గురించి నేను మొదలుపెడతాను. ట్రస్సు అంటే కప్పుని మోసే చట్రం. బెల్ఫాస్ట్ ట్రస్సు అంటే ఇంతే: పైన విల్లు, కింద అల్లెతాడు, రెంటి మధ్యా తడిక. మన తడికలో బద్దలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటినట్టే ఇందులోనూ దాటుతాయి, దాటిన ప్రతిచోటా మేకు ఉంటుంది.

అమరిక కూడా తెలివైనదే. తడిక బద్దలు మధ్యలో ఉంటాయి. వాటికి అటూ ఇటూ విల్లు పలకలు, కిందా అలాగే అటూ ఇటూ అల్లెతాడు పలకలు. అంటే రొట్టెల మధ్య కూర పెట్టినట్టు. పెద్ద దూలం ఒక్కటి కూడా అక్కర్లేదు. బోల్టు పెద్దగా లేదు, జిగురు లేదు, ఇనుప అతుకు పలకలు లేవు. చేతికి దొరికిన పొట్టి చెక్కలు, మేకులు, సుత్తి. నేలమీద పూర్తి సైజు గీత గీసి దానిమీదే పరిచి కొడితే ట్రస్సు తయారు. యుద్ధకాలంలో ఉక్కు ఓడలకీ ఫిరంగులకీ పోతుంటే ఇదే గతి, ఇదే మేలు కూడా.

పద్ధతి యుద్ధానికి చాలా ముందుది. 1860ల నుంచి ఐర్లండులోని బెల్ఫాస్ట్ నగరంలో మెక్‌టియర్ సంస్థ ఇలాంటి కప్పులు ప్రచారం చేసింది. వాళ్ల అసలు సరుకు తారు ఫెల్టు, అంటే నీళ్లు దిగకుండా కప్పు మీద పరిచే తారు పట్టించిన దుప్పటిలాంటిది. ఫెల్టు అమ్ముడుపోవాలంటే దాన్ని పరిచే చవక కప్పు కావాలి కదా!

గాలిమర
తడికపని గారూ, చిన్న అనుమానం. విల్లు గోడల్ని బయటికి తోస్తుంది కాబట్టే పక్కన అంత దట్టంగా ఇటుక దిమ్మెలు కట్టారని ఎక్కడో చదివాను. నిజమేనా?

తడికపని
కాదండీ. ఆ తోపుడుని కింది అల్లెతాడు పట్టుకుంటుంది, దాని పనే అది. గోడకి నిలువు బరువే వస్తుంది. అసలు విల్లంబులో కూడా అంతే కదా, వంచిన కర్ర విచ్చుకోకుండా తాడు ఆపుతుంది.

దిమ్మెలు వేరే కారణానికి. ఈ హ్యాంగరు రెండు చివర్లా గోడ ఉండదు, మొత్తం తలుపులే. అంటే అడ్డంగా వీచే గాలిని ఆపడానికి చివరి గోడల సాయం లేదు. ఆ పని పక్కగోడల దిమ్మెలే చెయ్యాలి. వాటిని ఆనుకుని దించిన వారపాకల్లాంటి గదులు (ఆఫీసులు, చిన్న వర్కుషాపులు) కూడా కొంత ఆసరా. అందుకే "ఆ పక్కగదులు తర్వాత తగిలించినవే, కొట్టేద్దాం" అని ఎవరన్నా అంటే ముందు లెక్క చూసుకోమనాలి.

లెక్కలమాస్టారు
అంకెలు లేకుండా ట్రస్సు గురించి మాట్లాడితే పస ఉండదు. అప్పట్లో ఈ రకం షెడ్డుకి మామూలు కొలత ఒక్కో గదికి 80 అడుగుల వెడల్పు, 170 అడుగుల పొడవు. విల్లు ఎత్తు వెడల్పులో ఎనిమిదో వంతు అనుకుందాం, అంటే 10 అడుగులు. డ్రాయింగుకి మీ దగ్గరి అసలు కొలతే వాడాలి, ఇది లెక్క అర్థం కావడానికి.

విల్లు వ్యాసార్ధం: సగం వెడల్పు వర్గం 1600, ఎత్తు వర్గం 100, కలిపి 1700, దాన్ని ఎత్తుకి రెట్టింపుతో (20) భాగిస్తే 85 అడుగులు. విల్లు పొడవు సుమారు 83 అడుగుల 3 అంగుళాలు. వెడల్పు కంటే మూడడుగుల చిల్లరే ఎక్కువ. చివర్లలో వాలు 28 డిగ్రీలు.

ఇప్పుడు బరువు. ట్రస్సుల మధ్య 10 అడుగులు, కప్పు బరువూ మంచూ కలిపి చదరపు మీటరుకి 1 కిలోన్యూటన్ (సుమారు వంద కిలోల బరువు) అనుకుంటే, ఒక్కో ట్రస్సు మీద మొత్తం 74 కిలోన్యూటన్లు, ఏడున్నర టన్నులు. అల్లెతాడులో లాగుడు ఎంతో తెలుసా? అదీ 74 కిలోన్యూటన్లే. ఇది కాకతాళీయం కాదు. లాగుడు = మొత్తం బరువు × వెడల్పు ÷ (8 × ఎత్తు) అనే సూత్రంలో ఎత్తు చోట వెడల్పులో ఎనిమిదో వంతు పెడితే మిగతావన్నీ కొట్టుకుపోయి లాగుడు సరిగ్గా మొత్తం బరువుకి సమానమవుతుంది. కాగితం లేకుండా కూడా లెక్క తేలిపోతుంది. విల్లు చివర నొక్కుడు దానికంటే 12 శాతం ఎక్కువ, సుమారు 83.

పలకలు సన్నంగా ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. 25 మి.మీ. పలకని 85 అడుగుల వ్యాసార్ధానికి వంచితే అందులో పుట్టే ఒత్తిడి చదరపు మి.మీ.కి 5 న్యూటన్ల లోపు. అదే 50 మి.మీ. పలక వంచితే దానికి రెట్టింపు, బరువు పెట్టకముందే చెక్క బలం బాగా తినేస్తుంది. అందుకని లావుపాటి ఒక్క చెక్క కాకుండా సన్నటివి పొరలుగా.

గాలిమర
మాస్టారూ, లెక్క బాగుంది. అయితే బరువంతా విల్లూ తాడూ మోసేస్తే తడిక దేనికి? అందానికేనా?

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న, చాలామంది పొరపడేదీ ఇక్కడే. కప్పంతా సమానంగా బరువుంటే తడికకి నిజంగానే పని తక్కువ. విల్లు ఆకారం ఆ బరువుకి సరిపోయేదే. కానీ మంచు ఒకవైపే పేరుకుంటుంది, గాలి ఒకవైపే నొక్కుతుంది, మెకానిక్ ఇంజను లేపడానికి కప్పీ ఒకేచోట కడతాడు. అప్పుడు విల్లు ఒకవైపు కుంగి రెండోవైపు లేస్తుంది. వెడల్పులో నాలుగో వంతు దగ్గర వంపు ఎక్కువ. దాన్ని ఆపేది తడికే. పైగా నొక్కుడులో ఉన్న సన్నటి పలకలు పక్కకి వంగకుండా దగ్గర దగ్గరగా పట్టి ఉంచేదీ అదే.

గొడవేంటంటే, ఎవరో హీటరు గొట్టం పోనివ్వడానికి మూడు బద్దలు కోసేస్తారు. ఆ రోజు ఏమీ కాదు, ఏడాది గడిచినా కాదు. దాంతో "చూశారా, అవి ఉత్త అలంకారం" అనుకుంటారు. ఒకవైపు మంచు పడిన రోజున తెలుస్తుంది.

కొయ్యమేస్త్రి
అతుకుల గురించి. 83 అడుగుల పలక ఏ చెట్టూ ఇవ్వదు. 14, 16 అడుగుల ముక్కలు వరుసగా పెట్టి, ఒక పొరలో అతుకు వచ్చినచోట పక్క పొరలో అతుకు రాకుండా జరుపుతారు. ఇటుక పేర్చినప్పుడు అతుకు తప్పించినట్టే.

కింది తాడుకి నాలుగు పలకలు ఉన్నాయనుకోండి (తడికకి అటు రెండు, ఇటు రెండు). ఒకచోట ఒక పలక అతుకు తగిలితే, మాస్టారు చెప్పిన 74లో నాలుగో వంతు, అంటే పద్దెనిమిదిన్నర కిలోన్యూటన్లు మేకుల ద్వారానే పక్క పలకలోకి దాటాలి. సన్నటి మేకు ఒక్కటి రెండు పలకలు ఆనుకునే చోట 0.4 కిలోన్యూటన్ మోస్తుందని పెట్టుకుంటే, అతుకుకి ఒక్కోవైపు 47 మేకులు. మన దగ్గర ఇలాంటి అతుకు లెక్క వేసేవాళ్లు భారతీయ ప్రమాణాలు ఐఎస్ 2366 (మేకు అతుకుల కలప నిర్మాణం), ఐఎస్ 883 (కలప నిర్మాణాల డిజైను) రెండూ దగ్గర పెట్టుకోవాలి. చెక్క రకం మారితే మేకు బలం మారుతుంది.

47 మేకులూ ఒకే గీత మీద కొడితే చెక్క నిలువునా చీలుతుంది. రెండు మూడు వరుసలుగా, అటొకటి ఇటొకటి జరుపుతూ కొట్టాలి. పలక చివరకి మరీ దగ్గరగా కొట్టకూడదు. మరమ్మతులో ఎండిన పాత చెక్కకి కొత్త మేకు కొట్టేముందు సన్నటి బెజ్జం వేసుకోవాలి. మేకు మందంలో ఐదింట నాలుగు వంతులకి మించని డ్రిల్లు బిట్టు సరిపోతుంది.

పాతగోడలు
ఇక పాడయ్యే చోటు. నా లెక్కలో వరుస ఇది: మడమ, మధ్య కాలువ, నడినెత్తి.

మడమ అంటే విల్లూ తాడూ కలిసి గోడమీద కూర్చునే మూల. అక్కడ బలం ఎక్కువ, గాలి తక్కువ, తేమ ఎక్కువ. చూరు కాలువ పొంగితే నీళ్లు తిన్నగా అక్కడికే. ఇటుక గోడ తడి పీల్చి చెక్కకి ఇస్తుంది. కలపలో తేమ 20 శాతం దాటి నిలకడగా ఉంటే బూజు మొదలవుతుంది. పైకి రంగు బాగానే ఉంటుంది, లోపల పుచ్చిపోతుంది. స్క్రూడ్రైవరుతో గుచ్చి చూస్తే మునిగిపోతుంది.

మధ్య కాలువ జంట హ్యాంగర్లకే ఉన్న శాపం. రెండు విల్లులు కలిసేచోట లోయలా ఉంటుంది. కుడి సగం, ఎడమ సగం నీళ్లన్నీ ఆ ఒక్క కాలువలోకే. 80 అడుగుల వెడల్పు, 170 పొడవు అంటే సుమారు 1260 చదరపు మీటర్ల కప్పు. గంటకి 75 మి.మీ. వాన పడితే సెకనుకి 26 లీటర్లు. మన హైదరాబాదు వానలా గంటకి 100 పడితే 35. ఆకులు, పక్షి గూళ్లు ఒక్క తూముని మూసినా నీళ్లు కాలువ అంచు దాటి లోపలికి, అదీ సరిగ్గా రెండు వరుసల ట్రస్సుల మడమల మీదికి దిగుతాయి. మధ్య వరుస స్తంభాల మీద రెండు వైపుల బరువూ ఉంటుంది కాబట్టి అక్కడ పుచ్చు మిగతా చోట్లకంటే ప్రమాదం.

నడినెత్తి సంగతి వేరు. విల్లు శిఖరం దగ్గర అటూ ఇటూ ఐదడుగుల వరకు వాలు మూడు నాలుగు డిగ్రీలకి మించదు. ఫెల్టు ముడత పడితే నీళ్లు నిలుస్తాయి. నెమ్మదిగా కారుతుంది. చుక్క పడేది ఒకచోట, చిల్లు ఉండేది ఇంకోచోట, ఎందుకంటే నీళ్లు పలకల మీద జారుకుంటూ కిందికి నడుస్తాయి.

నీలిమబ్బు
చాలాచోట్ల పాత ఫెల్టు తీసి ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు వేశారు కదా. దానివల్ల ఏం నష్టం? బరువేనా?

పాతగోడలు
బరువూ ఒకటి. రేకు చదరపు మీటరుకి సుమారు 16 కిలోలు. ఒక్క గది కప్పు 1300 చదరపు మీటర్లు దాటుతుంది, అంటే 21 టన్నులు. పాత ఫెల్టు అందులో మూడో వంతు కూడా ఉండదు.

అంతకంటే, పలకల మీదే రేకు వేస్తే మధ్యలో గాలి ఆడదు. రాత్రి చల్లబడ్డ రేకు అడుగున తేమ చెమ్మగిల్లి పలకల మీద రాలుతుంది. బయట వాన పడకపోయినా లోపల చెక్క తడుస్తుందన్నమాట. కారుతోందనుకుని రేకు మారుస్తారు, ఫలితం ఉండదు.

తీసేటప్పుడు ఇంకో బెడద. రేకు పగిలితే నార గాల్లో కలుస్తుంది, అది ఊపిరితిత్తులకి ప్రమాదం. నీళ్లు చల్లి తడపాలి, డ్రిల్లు పెట్టకూడదు, విరగ్గొట్టకూడదు, రేకు మీద నడవనే కూడదు. పాత రేకు మనిషి బరువుకి గభాలున పగులుతుంది. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్ వాడకం 1999లో పూర్తిగా నిషేధించారు. ఇలాంటి పని దానికి అర్హత ఉన్నవాళ్లతోనే చేయించాలి.

లెక్కలమాస్టారు
బరువు తగ్గిస్తే అంతా మంచిదే అనుకోకండి, దానికీ తిరుగుదెబ్బ ఉంది.

పెద్ద తలుపులు తెరిచి ఉండగా అటువైపు నుంచే గాలి దూసుకొస్తే లోపల గాలి ఉబ్బుతుంది, పైన కప్పుని బయటి గాలి పీలుస్తుంది. రెండూ కలిస్తే కప్పు సొంత బరువుకంటే పైకి లేపే బలం ఎక్కువైపోవచ్చు. అప్పుడు అంతా తలకిందులు. విల్లు లాగుడులోకి, అల్లెతాడు నొక్కుడులోకి వస్తాయి. 80 అడుగుల పొడవున్న సన్నటి పలకల కట్టని నొక్కితే పక్కకి పాములా వంగిపోతుంది. కాబట్టి కింది తాడులన్నిట్నీ ఒకదాన్నొకటి పట్టుకునేలా పొడుగునా పట్టెలు ఉండాలి. చాలా సర్వేల్లో వీటిని "లైటు తీగల కోసం వేసినవి" అని రాసేస్తారు. తీసేస్తే ప్రమాదం. మడమని గోడకి దిగబట్టే ఇనుప పట్టీలు తుప్పు పట్టాయేమో కూడా చూడాలి.

రేఖాగణితం
చాలా ఉపయోగం. కుంగిన ట్రస్సుని చూసి ఏది పాడయ్యిందో చెప్పే ఉపాయం ఉందా? విప్పకుండా?

లెక్కలమాస్టారు
ఉంది. రెండు కొలతలు కావాలి: మధ్యలో ఎంత కుంగింది, రెండు గోడల పైభాగాలు ఎంత దూరం జరిగాయి.

ఎనిమిదో వంతు ఎత్తున్న విల్లుకి, తడిక ఆపే భాగం పక్కనబెడితే, తాడు 10 మి.మీ. సాగితే మధ్య సుమారు 14 మి.మీ. దిగుతుంది, గోడలూ ఆ మేరకు విడిపోవాలని చూస్తాయి. కాబట్టి కుంగుదలకి తోడు గోడలు విచ్చుకుంటే అనుమానం కింది తాడు అతుకుల మీద. మేకులు వదులై కొద్దికొద్దిగా జారి ఉంటాయి. గోడలు కదలకుండా మధ్య మాత్రమే కుంగితే విల్లు పలకల చివర్లు ఒకదానిలో ఒకటి నొక్కుకుని అణిగి ఉండొచ్చు, లేదా మడమ పుచ్చి విల్లు కాలు లోపలికి దిగి ఉండొచ్చు. ఒకవైపే వంకర ఉంటే తడిక చూడండి.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని ట్రస్సుల కింది తాడుని కట్టినప్పుడే కాస్త పైకి వంచి పెడతారు. కాబట్టి "ఇది తిన్నగా ఉంది, బాగుంది" అనుకోవద్దు. తిన్నగా ఉన్నది కూడా కుంగిందే కావచ్చు. ఒక్క ట్రస్సు చూసి తేల్చకుండా వరుసలోని అన్నిట్నీ పోల్చండి. ఏది విడిగా నిలబడుతుందో అదే మీకు కావాల్సింది.

కొయ్యమేస్త్రి
మడమ మార్చే పని క్రమం చెబుతాను. తొందరపడితే కప్పు మీద పడుతుంది.

మొదట ఆధారాలు. జాకీలు తాడు మధ్యలో పెట్టేస్తారు చాలామంది, అది తప్పు. తాడు లాగుడుకి కట్టింది, కింది నుంచి పొడిస్తే విరుగుతుంది. తడిక బద్దలు వచ్చి కలిసేచోట్ల, మడమకి దగ్గరగా, బరువు పరిచే అడ్డదూలం వేసి నాలుగైదు చోట్ల ఒకేసారి పట్టాలి. ఎత్తడం కాదు, బరువు పుచ్చుకోవడం. 2, 3 మి.మీ. లేస్తే చాలు. పాత మేకులు కిర్రుమన్నాయంటే ఆపాలి.

తర్వాత గోడలకి తాత్కాలికంగా ఉక్కు తాళ్లు. మడమ కోసిన ఆ కాసేపు అల్లెతాడు పని ఆగిపోతుంది, తోపుడు ఎక్కడికో ఒకచోటికి పోవాలి.

కోత: పుచ్చు కనబడిన చోటే ఆపకండి. గట్టి చెక్క మొదలయ్యాక ఇంకో 300 మి.మీ. లోపలికి. ఒక్కో పొరని ఒక్కోచోట మెట్లలా కొయ్యాలి, నాలుగూ ఒకే గీత మీద వస్తే అతుకు నిలబడదు. కొత్త చెక్క పాతదానికి దగ్గరి జాతిదే కావాలి, బాగా ఆరాలి. పచ్చి చెక్క పెడితే ఆరుతూ ముడుచుకుని మేకులు వదులవుతాయి. కొత్త చెక్కని మందుతో శుద్ధి చేస్తే, అందులో రాగి ఉంటే మామూలు ఇనుప మేకులు త్వరగా తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు, స్క్రూలు వాడాలి.

పాత మేకుల చుట్టూ చెక్క నల్లబడి మెత్తగా ఉంటే అది పురుగు పని కాదు, తడిలో తుప్పు చేసిన పని. ఆ బెజ్జంలోనే కొత్త మేకు కొట్టి లాభం లేదు, పక్కన గట్టి చెక్కలో కొట్టాలి.

నీలిమబ్బు
ఇంత గోల ఎందుకు, ఉక్కు కడ్డీ ఒకటి ఈ గోడ నుంచి ఆ గోడకి బిగిస్తే పోదా?

లెక్కలమాస్టారు
తమ్ముడూ, కడ్డీ వేసినంత మాత్రాన అది బరువు మొయ్యదు. చెక్క తాడు అప్పటికే సాగి లాగుడులో ఉంది. కొత్త కడ్డీ వదులుగా వేలాడుతూ, చెక్క ఇంకా సాగితేనే పనిలోకి వస్తుంది. టర్నుబకిలు (తిప్పితే కడ్డీ బిగిసే మర) పెట్టి కొలిచి బిగించాలి, అదీ కొంచెం కొంచెంగా, పక్క ట్రస్సులతో సమంగా. పైగా ఆ కడ్డీ చివర్లు ఎక్కడ తగిలిస్తావు? పుచ్చిపోయిన మడమకే కదా! ముందు మడమ బాగుచెయ్యాలి. మడమ బాగుచేసిన తర్వాత సగం చోట్ల కడ్డీ అవసరమే ఉండదు.

గాలిమర
తలుపుల గురించి ఎవరూ రాయలేదు. ఆ షెడ్డులో నాకు అన్నిటికంటే నచ్చేది అవే. 80 అడుగుల వెడల్పు మొత్తం తెరుచుకోవాలి, మధ్యలో స్తంభం ఉండకూడదు. అందుకని ఎత్తైన తలుపు రెక్కలు పట్టాల మీద పక్కకి జరుగుతాయి. జరిగి ఎక్కడికి పోతాయి? గోడ దాటి బయటికి చాచిన చట్రంలోకి. హ్యాంగరు మూలల్లో రెక్కలా బయటికి పొడుచుకొచ్చే ఆ చట్రాలు లేకపోతే తలుపు సగమే తెరుచుకునేది. ముందు నుంచి చూస్తే భవనం అసలు వెడల్పుకంటే పెద్దగా కనబడేది వీటివల్లే.

పాడయ్యేది కింది పట్టా. అందులో మట్టి, గులకరాళ్లు చేరి చక్రం ఆగుతుంది. మనుషులు ట్రాక్టరుతో లాగుతారు. పై గైడు వంగుతుంది, అంతే, ఇక ఆ రెక్క ఎప్పటికీ సరిగా నడవదు. పట్టా కాలువకి నీళ్లు పోయే దారి ఉందో లేదో చూడటం నూనె పూయడంకంటే ముఖ్యం.

ఇక విమానాల లెక్క. శిక్షణకి వాడిన ఆవ్రో 504 రెక్కల వెడల్పు 36 అడుగులు. రెండు పక్కపక్కన పెడితే 72, ఇంకా 8 అడుగులు మిగులుతుంది. పొడవు ఒక్కొక్కటి ముప్ఫై లోపు, 170 అడుగుల్లో ఐదు వరుసలు. ఒక్క గదిలో పది విమానాలు ఏ వంకరా తిప్పకుండా సరిపోతాయి. అదే డీహెచ్ 9ఏ బాంబరు అయితే 45 అడుగుల 11 అంగుళాలు, రెండు పక్కపక్కన పట్టవు. ఎదురు బొదురుగా జరిపి సర్దాలి.

చార్మినార్ చౌరస్తా
డీహెచ్ 9ఏ పేరెత్తారు కాబట్టి మనవైపు సంగతి ఒకటి. బ్రిటిష్ వైమానిక దళంలో 110 నంబరు స్క్వాడ్రను 1917 నవంబరు 1న ఇంగ్లండులోని రెండ్‌కోంబ్‌లో ఏర్పడింది. దానికి డీహెచ్ 9ఏ విమానాల ఖర్చు భరించింది హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రను అని పేరు. విమానాల మీద నిజాం కానుక అని రాసి, "హైదరాబాద్" పేరుతో వరుస నంబరు వేసేవాళ్లు. ఆ విమానాలు దానికి అందింది లండన్‌కి దక్షిణాన ఉన్న కెన్లీ విమాన స్థావరంలో, అక్కడ ఉన్నవీ ఈ బెల్ఫాస్ట్ కప్పు హ్యాంగర్లే. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు వెళ్లింది.

వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో, తర్వాత పోలండులో ఉండి చివరికి లండన్ హెండన్‌లోని ఆర్ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియం చేరింది. 1972లో తెరిచిన ఆ మ్యూజియం కూడా మొదటి యుద్ధం నాటి బెల్ఫాస్ట్ హ్యాంగర్లనే కలుపుకుని కట్టింది. డబ్బు హైదరాబాదుది, కప్పు బెల్ఫాస్టుది. మనవాళ్లు లండన్ వెళితే మైనం బొమ్మల దగ్గర క్యూ కట్టేబదులు ఇది చూడొచ్చు, టికెట్టు కూడా లేదు.

కొయ్యమేస్త్రి
కెన్లీ పేరు వచ్చింది కాబట్టి నిప్పు గురించి చెప్పాలి. 1940 ఆగస్టు 18న జర్మన్ విమానాల దాడిలో కెన్లీ హ్యాంగర్లు చాలావరకు కాలిపోయాయి. సన్నటి చెక్కకి ఇదే శాపం. మంటలో చెక్క ఒక్కోవైపు నిమిషానికి 0.7 మి.మీ. చొప్పున బొగ్గవుతుందనుకుంటే, రెండు వైపులా మంట తగిలిన 25 మి.మీ. బద్ద 18 నిమిషాల్లో మిగలదు. అది పూర్తిగా పోయేదాకా ట్రస్సు ఆగదు, అంతకు చాలా ముందే కూలుతుంది. లావుపాటి దూలం అయితే పైన బొగ్గు పొర లోపలి చెక్కని కొంతసేపు కాపాడుతుంది. ఇక్కడ కాపాడటానికి లోపల ఏమీ లేదు. పైగా తారు ఫెల్టు, లోపల పెట్రోలు, డోపు (గుడ్డని బిగించే వార్నిషులాంటి పూత) పూసిన గుడ్డ రెక్కలు.

కాబట్టి ఇలాంటి కప్పు కింద వెల్డింగు, గ్రైండింగు పెట్టుకోవద్దు. పైన ఫెల్టుని మంటతో అతికించే పద్ధతి అసలు వద్దు. చల్లగా అతికేది, లేదా మేకులతో పరిచేది వాడండి.

చార్మినార్ చౌరస్తా
ఆ దాడి అయిన నెలాఖరులోనే కెన్లీకి వచ్చిన 253 నంబరు స్క్వాడ్రను పేరు కూడా హైదరాబాదే. ఇంతకుమించి విషయం పక్కదారి పట్టించను.

రేఖాగణితం
అందరికీ ధన్యవాదాలు. చివరి ప్రశ్న: డ్రాయింగులో ఏది ఏ స్కేలుకి? లేజరు స్కానరు పెడితే అంతా అదే వస్తుందంటున్నారు.

పాతగోడలు
స్కానరు బయటి ముఖం ఇస్తుంది, పొరల మధ్య ఏముందో ఇవ్వదు. తడిక దట్టంగా ఉంటే వెనక బద్ద నీడలో పడి ఖాళీగా వస్తుంది. విల్లు వంపు, కుంగుదల, గోడల మధ్య దూరం స్కానుతో తీసుకోండి, అవి చేత్తో కొలవడం కష్టం. పలకల మందం, పొరలు ఎన్ని, అతుకు ఎక్కడ, ఒక్కో కూడలిలో మేకులు ఎన్ని, ఇవి నిచ్చెనెక్కి కాలిపరుతో (మందం కొలిచే పరికరం) చూసి రాసుకోవాల్సిందే.

మొత్తం ట్రస్సు 1:50 చాలు. అతుకులు 1:10. మడమ మాత్రం 1:5, రెండు వైపుల నుంచీ, పైన ఫెల్టు మడత దగ్గర్నుంచి కింద ఇటుక దిమ్మె వరకు ఒకే బొమ్మలో రావాలి. ఒక ట్రస్సు మడమ గీసి మిగతావి "ఇలాగే" అని రాయకండి. మధ్య కాలువ వైపువి, బయటి గోడ వైపువి వేర్వేరు. ట్రస్సులకి తలుపు వైపు నుంచి నంబర్లు వేసి, తేమ శాతం ప్రతి మడమ పక్కనా రాయండి. కొలిచిన తేదీ, ఆ వారం వాన పడిందో లేదో కూడా.

కొయ్యమేస్త్రి
కోసి తీసిన పాత ముక్కలు పారెయ్యకండి. నంబరు రాసి దాచండి. పొరల క్రమం, మేకు పొడవు మళ్లీ అవసరమైతే వాటినే చూడాలి.